హైదరాబాద్ అని చెప్పి వెళ్ళిన చోటు

దుబాయ్ డేరా బజారులో నైఫ్ రోడ్డు పక్క సందులో, సూట్‌కేసుల కొట్టు పైన, రమీజ్ ట్రావెల్ ఆఫీసు ఉంది. వేణుగోపాలరావు ఏడాదికోసారి ఆ మెట్లెక్కి, ఆఫ్రికా ఎలా వెళ్ళాలో, ఎప్పుడు వెళితే బాగుంటుందో కనుక్కుని, టీ తాగి దిగివస్తాడు. ఏ ఏడూ వెళ్ళింది లేదు. ఒక ఏడు కూతురు నిఖిత పరీక్షలు, ఒక ఏడు కాకినాడలో మేనల్లుడి పెళ్ళి, తర్వాత కరోనా, ఆ తర్వాత కంపెనీలో పెద్ద టెండరు. రమీజ్ కడపవాడు, ఓపికున్న మనిషి. ఈ సార్ టికెట్ కొనడని తెలిసినా కుర్చీ తుడిచి మరీ కూర్చోబెడతాడు.

ఆఫ్రికా అంటే అందరూ వెళ్ళే ఆఫ్రికా కాదు వేణుగోపాలరావుది. ఒక్క సింహం చుట్టూ జీపులన్నీ మూగే పార్కులంటే అతనికి చిన్నచూపు. అతనికి కావలసింది కెన్యా ఉత్తరాన, వానలు అరుదుగా పడే నేలల్లో, సరైన దారి కూడా లేని పార్కులు. వాటిలోనూ ముఖ్యంగా తుర్కానా సరస్సు ఒడ్డున ఉన్న సిబిలోయ్. ఎప్పటిదో అడవి అక్కడ రాయిగా మారి, మానులు మానులుగా నేల మీద పడి ఉంటుందట. సరస్సు నిండా మొసళ్ళట. దుబాయ్‌లో కాంట్రాక్టింగ్ కంపెనీ పని ముగించుకుని షార్జా రోలాలో ఉన్న ఫ్లాట్‌కి చేరగానే, టీవీలో ఆ నేలల మీద తీసిన వీడియోలు పెట్టుకుని కూర్చోవడం అతని నిత్యకృత్యం. అక్కడి జంతువుల పేర్లు, కొండల పేర్లు నోటికొచ్చు.

2024 ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం భార్య బాలత్రిపురసుందరితో కలిసి మసాలా దినుసులు కొనడానికి డేరా వచ్చాడు. పనిలో పనిగా ఆమెను కూడా ఆ మెట్లెక్కించాడు.

"రండి సార్, ఈ తూరి ఆలస్యమైందే అనుకుంటా ఉన్నా," అన్నాడు రమీజ్. "అమ్మను కూడా పిల్చుకొచ్చినారు! అయితే ఈ సారి పక్కా అన్నమాట."

"ఊరికే కనుక్కుందామని వచ్చాంలే," అన్నాడు వేణుగోపాలరావు.

రమీజ్ కంప్యూటర్ తెర వాళ్ళవైపు తిప్పి వివరించడం మొదలుపెట్టాడు. నైరోబీలో దిగాలి. అక్కడినుంచి పెద్ద బండిలో ఉత్తరానికి. సరస్సు ఒడ్డున లొయంగళానీ అనే చిన్న ఊళ్ళో మంచి టెంట్లు ఉన్నాయి, నీళ్ళ పక్కనే. "ఆ మర్నాడు టిఫిన్ తినేసి ఒడ్డెంబడే నేరుగా పైకి పోతే మీ సిబిలోయ్ పార్కు. మధ్యాహ్నం భోజనానికి చేరిపోతారు సార్."

అప్పటిదాకా సుందరి సంచిలోని యాలకుల పొట్లం కట్టు సరిగా ఉందో లేదో చూసుకుంటోంది. తలెత్తకుండానే అంది:

"ఒడ్డెంబడి దారి లేదు బాబూ. నార్త్ హోర్ మీంచి చుట్టు తిరిగి వెళ్ళాలి. పొద్దున్నే బయల్దేరినా చీకటిపడిపోతుంది. ఆ టెంట్లు కూడా వద్దు. రాత్రయ్యేసరికి కులాల్ కొండ మీంచి గాలి దిగుతుంది, గుంజలతో సహా లేపేస్తుంది. రాళ్ళు పేర్చి కట్టిన గుడిసెలు ఉంటాయి, అవయితే పర్వాలేదు."

రమీజ్ పగలబడి నవ్వాడు. "సార్ టీవీ చూసి చూసి అమ్మకు కూడా మొత్తం వచ్చేసినాది!"

వేణుగోపాలరావు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. తను చూసిన ఏ వీడియోలోనూ రాళ్ళ గుడిసెల మాట లేదు. ఒడ్డున దారి లేదన్న సంగతి తనకే తెలియదు. పైగా ఆమె ఆ కొండ పేరు పలికిన తీరు, పక్క వీధి పేరు చెప్పినట్టుంది.

భార్య వైపు చూశాడు. ఆమె చేతిలో యాలకుల పొట్లం అలాగే ఉండిపోయింది. తనేం మాట్లాడిందో ఆమెకి అప్పుడే తెలిసినట్టుంది. ముఖంలో రంగు దిగిపోయింది.

"సుందరీ, అదంతా నీకెలా తెలుసు?"

"ఇంటికెళ్ళాక చెబుతానండీ."

"ఇప్పుడు చెప్పడానికేం?"

"ఇంటికెళ్ళాక," అంది మళ్ళీ, గొంతు తగ్గించి.

రమీజ్ నవ్వు ఆపేసి, టీ ఇంకా రాలేదేమని చూసే నెపంతో బయటికి వెళ్ళాడు.

షార్జా బస్సులో ముందు సీట్లు ఆడవాళ్ళవి. సుందరి వెళ్ళి అక్కడ కూర్చుంది. వేణుగోపాలరావుకి వెనక ఒక పాకిస్తానీ కుర్రవాడి పక్కన చోటు దొరికింది. అతనికి కనిపిస్తున్నదల్లా భార్య తల వెనక భాగం, జడకి పెట్టుకున్న గోధుమరంగు క్లిప్పు. ముప్పై ఏళ్ళకి దగ్గరగా కాపురం చేసిన మనిషి తల అది. ఆ తలలో తనకు తెలియని ఒక కొండ, ఒక గాలి, ఒక దారి ఉన్నాయి.

ఎప్పుడు వెళ్ళింది? తను లేకుండా ఆమె వెళ్ళినవి హైదరాబాద్, కాకినాడ. అంతేగా? ఎవరితో వెళ్ళింది? ఆ ప్రశ్న రాగానే అతనికి ఏసీ బస్సులో చెమటలు పట్టాయి. లేచి ముందుకి వెళ్ళి అడుగుదామా అంటే అక్కడంతా ఆడవాళ్ళు. అల్ నహ్దా దగ్గర ట్రాఫిక్ నిలిచిపోయింది. బస్సు అంగుళం కదలడం, ఆగడం. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

రోలాలో బస్సు ఆగి జనం దిగిపోయినా అతను అలాగే కూర్చుని ఉన్నాడు. సుందరి కిందనుంచి అద్దం మీద తట్టింది. "దిగండి. మన స్టాపే."

బిల్డింగ్ గుమ్మంలో సెక్యూరిటీ కుర్చీ దగ్గర ఆమె ఆగింది.

"అకిరు గుర్తుందా మీకు?"

"ఎవరు?"

"ఇక్కడ కూర్చునేదండీ. పొడుగ్గా ఉండేది. కెన్యా అమ్మాయి. మీకు కరోనా వచ్చి ఇద్దరం తలుపులేసుకుని ఉన్నప్పుడు కూరగాయలు, మందులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి బెల్లు కొట్టి వెళ్ళేది."

అతను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఒక నల్ల యూనిఫాం, టోపీ. ముఖం రాలేదు. లిఫ్టులో పై అంతస్తు మలయాళీ కుటుంబం ఎక్కింది. మళ్ళీ మాటల్లేవు.

ఇంట్లోకి వచ్చాక చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చున్నాడు. సుందరి సంచి వంటింట్లో పెట్టి, ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"వెళ్ళానండీ," అంది. "2022 అక్టోబరులో. వైదేహి మోకాలి ఆపరేషనని చెప్పి వెళ్ళాను చూడండి, అప్పుడు."

"ఎయిర్‌పోర్టులో దింపింది నేనే కదా!"

"మీరే దింపారు. లోపలికి వెళ్ళి నైరోబీ కౌంటర్లో నిలబడ్డాను."

వేణుగోపాలరావుకి ఆ రోజు బాగా గుర్తుంది. ఆమెకి చెయ్యి ఊపాడు. హైదరాబాద్‌లో దిగగానే ఫోన్ చెయ్యమన్నాడు. ఆమె మెసేజ్ పెట్టింది కూడా: చేరాను, కంగారు పడకండి అని.

"మరి వైదేహి? ఆపరేషను?"

"దాని మోకాళ్ళు బాగానే ఉన్నాయండీ."

అతను ఫోన్ తీసి మరదలికి కలిపాడు. హైదరాబాద్‌లో వైదేహి వెంటనే ఎత్తింది. "చెప్పండి బావగారూ!"

"నీ మోకాలికి ఆపరేషన్ జరిగిందా?"

అటునుంచి చిన్నగా, "అక్క చెప్పేసిందా?" అంది.

"రోజూ ఫోన్ చేశాను. అక్క స్నానం చేస్తోందన్నావు, పడుకుందన్నావు. నీకు నొప్పి తగ్గిందా అని నేనడిగితే కొంచెం తగ్గిందన్నావు. నెలకో సీసా తైలం పంపించాను నీకు!"

"తైలం మాత్రం చాలా బాగుంది బావగారూ, మా అత్తగారికి వాడాం," అంది వైదేహి. అనేసి, తప్పుగా అన్నానని తెలిసి, "కోప్పడకండి. నేను వద్దనే చెప్పాను. అక్క వినలేదు. నిఖిత కూడా వెళ్ళనివ్వు పిన్నీ అంది," అని గబగబా ముగించింది.

"నిఖితకి తెలుసా?"

అతను ఫోన్ పెట్టేశాడు. అబుదాబీలో ఉద్యోగం చేసుకుంటూ నెలకి రెండుసార్లు వచ్చి తన పక్కనే కూర్చుని అవే వీడియోలు చూసే కూతురు. దానికీ తెలుసు. తెలియనివాడు తనొక్కడే.

"ఎందుకు సుందరీ?" అన్నాడు. "అది నా ఇన్నేళ్ళ కోరిక. నీకు తెలుసు. నన్ను వదిలేసి నువ్వు వెళ్ళొచ్చావా? ఒక్కదానివే?"

"వదిలేసి కాదండీ," అంది సుందరి. "అకిరు తుర్కానా తెగ పిల్ల. లొయంగళానీయే వాళ్ళ ఊరు. గార్డుల రూములో హిందీవాళ్ళ మధ్య ఉండి హిందీ నేర్చుకుంది. మధ్యాహ్నం ట్యూషన్ పిల్లలు రాకముందు కిందికెళ్ళి దానితో కూర్చునేదాన్ని. వాళ్ళ మేకల సంగతి, అమ్మ సంగతి, గాలి సంగతి చెప్పేది. కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోతూ, దీదీ ఒక్కసారి మా ఇంటికి రావాలి అంది. ఒకరోజు మీరు టీవీలో అదే సరస్సు చూస్తున్నారు. ఇదే అకిరు వాళ్ళ ఊరండీ, వెళదామా అన్నాను. మీరు తల కూడా తిప్పలేదు. 'నువ్వా? అక్కడ ఒక్కరోజు కూడా ఉండలేవు' అన్నారు."

"నేనా అన్నది?"

"మీరే."

"నాకు గుర్తే లేదు."

"మీకుండదు. మీరేదో తిట్టినట్టు కాదు, మామూలుగానే అన్నారు. నాకే మనసులో పడిపోయింది. నిజంగా ఉండలేనా, చూద్దామనిపించింది. ట్యూషన్ డబ్బులున్నాయి. మీకు చెబితే వచ్చే ఏడు ఇద్దరం వెళదాం అనేవారు. ఆ వచ్చే ఏడు ఎప్పుడూ రాదు కదండీ."

ఆ మాట అతనికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. కోపం రావాలి. రాలేదు. దాని బదులు ఇంకేదో వచ్చింది. అది ఏమిటో తెలిసి అతను సిగ్గుపడ్డాడు. అసూయ. తన భార్య దూరదేశంలో ఒంటరిగా ఏమైపోయేదో అన్న భయం కంటే ముందు, ఆమె ఆ రాతి చెట్లను చూసిందన్న అసూయ.

"చూశావా?" అని అడిగాడు. "ఆ చెట్లు?"

"చూశాను."

"ఎలా ఉన్నాయి?"

"చెట్టు కొట్టేసి పడేసినట్టే ఉంటాయండీ. బెరడు, వలయాలు అన్నీ కనిపిస్తాయి. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అంత ఎండ. నేను దాన్ని పట్టుకుని మీరే గుర్తొచ్చి ఏడ్చాను. అకిరు కంగారుపడిపోయింది."

అతను గ్లాసులో నీళ్ళు తాగాడు. "మరి రోజూ నేను టీవీ పెట్టగానే లేచి వంటింట్లోకి పోతావే? ఇష్టం లేదేమో అనుకున్నాను."

"చూడలేకండీ," అంది. "వచ్చిన దగ్గర్నుంచి చూడలేకపోతున్నాను."

అప్పుడు చెప్పింది ఆమె, ఇన్నాళ్ళూ చెల్లెలికి కూడా పూర్తిగా చెప్పనిది.

ఆమె వెళ్ళేసరికి అక్కడ వరసగా ఎన్నో వానాకాలాలు చినుకు లేకుండా దాటిపోయాయి. అకిరు వాళ్ళ మేకలు చాలావరకు చచ్చిపోయాయి. మిగిలిన నాలుగింటినీ ఇంట్లోనే కట్టేసి, అట్టపెట్టెలు నానబెట్టి తినిపిస్తున్నారు. సరస్సు నిండుగా ఉంది, కానీ ఆ నీళ్ళు ఉప్పన, చేదు. తాగడానికి పనికిరావు. వచ్చిన అతిథి కోసం అకిరు తల్లి ఎక్కడినుంచో ఒక డబ్బా మంచినీళ్ళు తెప్పించి, దాన్ని గుడ్డతో కప్పి పెట్టింది. సుందరి స్నానం మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదు, ఆమే మానేసింది.

పార్కుకి అకిరు అన్న ఎకాయ్ తీసుకెళ్ళాడు. ఎవరి దగ్గరో అరువు తెచ్చిన పాత బండి. రాతి చెట్లు చూసి తిరిగి వస్తుంటే దారి పక్కన చారల గుర్రాలు కనిపించాయి. సన్నటి చారలు, పెద్ద గుండ్రటి చెవులు. పడుకుని ఉన్నాయి. ఎండకి పడుకున్నాయేమో అనుకుంది సుందరి. బండి దగ్గరికి వచ్చాక తెలిసింది, ఒక్కటీ బతికి ఉన్నట్టు లేదు. చర్మం ఎముకలకి అతుక్కుపోయి, కళ్ళు ఉండాల్సిన చోట కళ్ళు లేవు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి ఆమెకు చేతకాలేదు. వాసన బండిలోకి కొట్టింది.

"అందులో ఒకటి బండి చప్పుడుకి తలెత్తిందండీ," అంది సుందరి. "పిల్ల. తలెత్తి మావైపు చూసింది. నేను బండి ఆపమన్నాను. ఎకాయ్ ఆపలేదు. నేనే స్టీరింగ్ పట్టుకుంటే ఆపాడు. నీళ్ళ సీసా తీసుకుని దిగాను. దిగొద్దు దీదీ, అది బతకదు, నీళ్ళు మనకి కావాలి అని అకిరు అరుస్తూనే ఉంది. నేను వినలేదు. దాని మూతి దగ్గర కూర్చుని పోశాను. మింగలేకపోయింది. నాలుక కదిలింది, అంతే. నీళ్ళన్నీ పక్కనుంచి కారి మట్టిలోకి పోయాయి. మట్టి తాగేసింది. సీసా ఖాళీ అయిపోయింది. నేనింకా సీసా వంచి పట్టుకునే ఉన్నాను."

వేణుగోపాలరావు ముందుకి వంగి వింటున్నాడు.

"చీకటి పడుతుండగా బండి ఇసుకలో దిగబడిపోయింది. టైరు కింద రాళ్ళు పెట్టాం, తవ్వాం. కదల్లేదు. ఫోన్లు పనిచెయ్యవు అక్కడ. నా నీళ్ళు నేనే పారబోశాను కదా. ఉన్న సీసా ముగ్గురం మూతతో కొలుచుకుని తాగాం. వాళ్ళు ఒక్క మాట అనలేదండీ నన్ను. అనుంటే బాగుండేది. మర్నాడు ఎండెక్కేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అకిరు తన ఓణీ నా తల మీద కప్పింది. అప్పుడనుకున్నాను, ఇంక అయిపోయిందని."

"సుందరీ..."

"మీ గురించే అనుకున్నాను. ఆయనకి ఎవరు ఫోన్ చేస్తారు, ఏమని చెబుతారు అని. ఎవరో కెన్యా నుంచి చేసి మీ భార్య ఇక్కడ చనిపోయిందంటే, మీరు నమ్మరు కదా. 'మా ఆవిడ హైదరాబాద్‌లో ఉందండీ, రాంగ్ నంబర్' అని పెట్టేస్తారు. అది తలుచుకుంటే భయమేసింది. చావంటే కూడా అంత భయమెయ్యలేదు."

వేణుగోపాలరావు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియలేదు. మళ్ళీ కూర్చున్నాడు. తను ఆ ఫోన్ ఎత్తడం, ఆ మాటే అనడం, విసుగ్గా పెట్టేయడం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కచ్చితంగా అలాగే చేసేవాడు. ఆ రోజు తను ఏం చేస్తున్నాడు? బహుశా ఈ సోఫాలోనే కూర్చుని, ఆ నేలనే టీవీలో చూస్తూ, చల్లటి మజ్జిగ తాగుతూ ఉండి ఉంటాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకున్నాడు.

"ఎలా బయటపడ్డారు?" అన్నాడు చివరికి.

"మధ్యాహ్నానికి లారీ వచ్చింది. నార్త్ హోర్‌కి బియ్యం, పిండి తీసుకెళుతున్న లారీ. తాడు కట్టి లాగారు. ఆ డ్రైవరు నాకు టీ ఇచ్చాడు. పాలు లేని టీ, చక్కెర పాకంలా ఉంది. ఇంటికొచ్చాక ఎన్నిసార్లు పెట్టుకున్నా ఆ రుచి రాలేదు." ఆమె ముఖం మీద చిన్న నవ్వు వచ్చి పోయింది. "తర్వాత ఇంకో వారం ఉన్నాను వాళ్ళింట్లో. ఉండగలిగానండీ. అదొక్కటి మాత్రం చెప్పాలనుండేది మీకు. కానీ అది చెబితే మొత్తం చెప్పాలి."

ఆ సాయంత్రం ఇద్దరూ ఇంకేం మాట్లాడుకోలేదు. మర్నాడు ఆదివారం కూడా పొడి మాటలే. అతను టీవీ పెట్టలేదు. బాల్కనీలో నిలబడి కింద రోలా పార్కు పక్కన బస్సులెక్కేవాళ్ళని చూస్తూ గడిపాడు. నిఖిత ఫోన్ చేస్తే, "తెలిసింది" అన్నాడు. "సారీ నాన్నా," అందామె. "అమ్మ తిరిగొచ్చేదాకా నేను నిద్రపోలేదు." "భోంచేశావా?" అని అడిగి పెట్టేశాడు.

సోమవారం ఆఫీసులో టెండరు లెక్కలు ముందుకి కదల్లేదు. మధ్యాహ్నం లేచి నేరుగా మేనేజర్ గది తలుపు తట్టాడు. ఆఫీసంతా ముదీర్ అని పిలిచే ఆయన లెబనాన్ మనిషి. చేరిన దగ్గర్నుంచి ఆయన దగ్గర సెలవు గురించి మాట్లాడాలంటే వేణుగోపాలరావుకి జంకు. పెళ్ళిళ్ళకీ, చావులకీ తప్ప అడిగిన పాపాన పోలేదు. పెద్ద టెండర్లుండగా ఆఫ్రికా చూడాలని అడిగితే నవ్వుతాడని, పేరు చెడుతుందని భయం.

"జూన్‌లో సెలవు కావాలి సార్. మూడు వారాలు. కెన్యా వెళ్ళాలి."

ముదీర్ కంప్యూటర్ నుంచి కళ్ళు తిప్పలేదు. "జూన్‌లో ఇక్కడ ఎండలు. మంచి ఆలోచన. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు, నేను ఓకే చేస్తాను. ఖలాస్."

వేణుగోపాలరావు కదల్లేదు.

"ఇంకేమైనా ఉందా?"

"అంతేనా సార్?"

ఈసారి ముదీర్ తలెత్తి చూశాడు. "అంతే. నువ్వెప్పుడూ అడగవు. నీకు సెలవులంటే ఇష్టం లేదేమో అనుకున్నాను నేను. యల్లా, పని చూసుకో."

గది బయట నీళ్ళ యంత్రం దగ్గర అతను చాలాసేపు నిలబడిపోయాడు. ఇన్నేళ్ళు అడ్డం పడిందనుకున్నది ఒక్క నిమిషంలో తప్పుకుంది. అసలది అడ్డంగా ఉందా, తనే అక్కడ పెట్టుకున్నాడా అన్నది అర్థం కాలేదు. నిఖిత పరీక్షలు నిజమే. కరోనా నిజమే. మిగిలిన ఏళ్ళ మాటేమిటి? వెళితే, ఆ నేల తను అనుకున్నట్టు ఉండదేమోనన్న భయం కదూ? సుందరి చూసిన చారల గుర్రాలు ఏ వీడియోలోనూ లేవు. ఉన్నా తను ఛానెల్ మార్చేసి ఉండేవాడు.

ఇంటికి వెళ్ళేసరికి హాల్లోంచి హిందీలో మాటలు వినిపించాయి. సుందరి ఫోన్‌లో బోటిమ్ యాప్‌లో వీడియో కాల్ పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. అతన్ని చూడగానే అలవాటు కొద్దీ ఫోన్ బోర్లించబోయి, ఆగి, మళ్ళీ నిలబెట్టింది.

"అకిరు," అంది. "ఇన్నాళ్ళూ వాయిస్ మెసేజ్‌లే పంపుకునేవాళ్ళం. వీడియో అయితే మీరు చూస్తారని. ఇవాళే మొదటిసారి."

అతను వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తెరలో పొడుగాటి ముఖం, పూసల దండలు, వెనక ఎగురుతున్న పచ్చటి గుడ్డ. గాలి హోరు ఫోన్‌లోంచి గదిలోకి వచ్చి పడుతోంది. ముఖం చూడగానే అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చింది. తను జ్వరంతో వణుకుతుంటే గుమ్మం అవతల దూరంగా నిలబడి చెయ్యి ఊపిన మనిషి.

"దీదీ, ఈయనేనా టీవీ సాబ్?" అంది అకిరు హిందీలో.

వేణుగోపాలరావు ఉలిక్కిపడ్డాడు. సుందరి కొంగుతో నోరు మూసుకుంది.

"నేనే," అన్నాడు తన వచ్చీరాని హిందీలో. "కరోనా అప్పుడు మీరు చాలా సాయం చేశారు. నేను ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు."

"మీరు కళ్ళు తెరిస్తే కదా సాబ్ చెప్పడానికి, అంత జ్వరం!" అని అకిరు నవ్వింది. తర్వాత, "దీదీ, వాన పడిందని మెసేజ్ పెట్టాను కదా, ఉండు చూపిస్తాను," అంటూ లేచి నడిచింది. తెర ఊగింది. ఆకాశం, కాళ్ళు, ఒక రాళ్ళ గోడ. తర్వాత ఫోన్ నిలబడింది.

నల్లటి రాళ్ళ మధ్య నుంచి పచ్చగా గడ్డి. చూపు ఆనినంత మేరా, ప్రతి రాయి మూలా పచ్చదనం. అందులో మేకలు, కడుపులు నిండి, తలలు దించి మేస్తున్నాయి. కొన్నిటి వెనక పిల్లలు గెంతుతున్నాయి. దూరంగా సరస్సు.

"పార్కులో కూడా ఇలాగే ఉందట," అంది అకిరు గొంతు తెర వెనక నుంచి. "చారల గుర్రాలు ఒడ్డుకి వస్తున్నాయట, పిల్లలతో. ఎకాయ్ చూశాడు."

వేణుగోపాలరావు సుందరి వైపు తిరిగి చూసి భయపడ్డాడు. ఆమె నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు తెర మీదే ఉన్నాయి, బుగ్గల మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"ఇదా?" అంది చివరికి. "ఇది ఆ చోటేనా అకిరూ? మీ ఇంటి వెనక మనం కూర్చున్న చోటు?"

"అదే దీదీ. అదిగో ఆ రాయి, నువ్వు కూర్చున్నావే."

"నేననుకున్నాను, ఇంక అక్కడ ఏదీ..." ఆమె వేలితో తెరని తాకింది. "ఏమీ మిగల్లేదనుకున్నాను."

అకిరు ఫోన్ మళ్ళీ తన వైపు తిప్పుకుంది. "ఎప్పుడొస్తున్నారు?"

"జూన్‌లో," అన్నాడు వేణుగోపాలరావు, సుందరి కంటే ముందు. "సెలవు దొరికింది." అని, భార్య వైపు తిరిగి తెలుగులో అడిగాడు: "వస్తావా? నువ్వు రానంటే నేనొక్కడినే వెళతాను. మళ్ళీ ఆ ఎండలోకి రమ్మని నేను బలవంతం చెయ్యను."

సుందరి కొంగుతో ముఖం తుడుచుకుంది. "వస్తాను," అంది. "కానీ ఎకాయ్ ఆ బండి తెస్తే మాత్రం ఎక్కను. నీళ్ళు కూడా నేనే చూసుకుంటాను, ఎవరికీ వదలను."

తర్వాత ఫోన్ దగ్గరికి వంగి, "అకిరూ, ఇంకొక్కసారి అటు తిప్పు," అంది.

అకిరు ఫోన్ తిప్పింది. మేకలు ఇంకా మేస్తూనే ఉన్నాయి. గాలికి గడ్డి ఒక పక్కకి ఒరిగి లేస్తోంది. వేణుగోపాలరావు కొంచెం దగ్గరగా జరిగాడు. ఇద్దరూ ఆ చిన్న తెరలోకి చూస్తూ కూర్చున్నారు.